చింతపల్లి మన్యంలో పోడు సేద్యం: అంతర్జాల ఆధారాలు, వాటి పరిమితులు

వ్యాససంగ్రహం

చింతపల్లి మన్యంలోని పోడు సేద్యం గురించి నేడు అంతర్జాలంలో ఉచితంగా లభిస్తున్న చారిత్రక ఆధారాల్లో అధికభాగం ఆ సేద్యాన్ని అదుపు చేయదలచిన పాలనాయంత్రాంగం రాసుకున్నవే. వాటిని ఏ పేర్లతో వెతకాలి, ఏ మేరకు విశ్వసించాలి, వాటిలో చోటుచేసుకోని సేద్యవిజ్ఞానం ఎక్కడ నిలిచి ఉంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అటవీ హక్కుల చట్టం గెజిటీర్లనూ, గ్రామపెద్దల వాంగ్మూలాలనూ సాక్ష్యాలుగా అంగీకరించినందువల్ల ఈ పరిశీలన గ్రంథాలయానికే పరిమితమైనది కాదు.

కీలక పదాలు: చింతపల్లి, మన్యం, పోడు, పర్మాకల్చర్, గెజిటీర్, అటవీ హక్కులు, కొత్త పండుగలు

1. ప్రవేశిక

పర్మాకల్చర్ అనే మాట 1978లో ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్‌ల పుస్తకం ద్వారా లోకానికి పరిచయమైంది. తెలుగు నేలపై ఈ ఆలోచనకు తొలుత ఆశ్రయమిచ్చింది జహీరాబాద్ ప్రాంతం. అక్కడి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చిరుధాన్యాల మిశ్రమ సాగుకు పేరుపొందింది. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశం హైదరాబాదులో జరిగింది. ఈ చరిత్రకు సంబంధించిన ఉపన్యాసాలు, దృశ్యచిత్రాలు, కరదీపికలు అంతర్జాలంలో ఎన్నో ఉన్నాయి. అయితే అవి ప్రధానంగా దక్కను మెట్టభూములవి. తూర్పు కనుమల వాలు నేలల మీద, చింతపల్లి చుట్టుపక్కల బగతలు, కొండదొరలు, కోదులు మొదలైనవారు తరతరాలుగా చేసిన సేద్యం గురించి తెలుసుకోగోరే పరిశోధకుడు అదే దారిలో వెళితే చేరేది మళ్ళీ జహీరాబాదుకే.

ఇందుకు కారణం సామగ్రి లేకపోవడం కాదు. చింతపల్లి సేద్యం గ్రంథసూచికల్లో 'వ్యవసాయం' శీర్షిక కింద ఉండదు. అది 'అడవులు', 'తిరుగుబాట్లు', 'కులాలు–తెగలు' అన్న శీర్షికల కింద చెదిరిపోయి ఉంటుంది. ఒక జనసమూహపు తిండిగింజల చరిత్రను పోలీసు, అటవీ శాఖల కాగితాల్లో వెతుక్కోవలసి రావడం మన్యం చరిత్రలోని ప్రత్యేకత.

2. వెతుకులాటలో పేర్ల చిక్కు

డి.ఎఫ్. కార్మైకేల్ 1869లో వెలువరించిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, డబ్ల్యు. ఫ్రాన్సిస్ 1907లో కూర్చిన జిల్లా గెజిటీరు, ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రకటించిన దక్షిణ భారత కులాలు–తెగల గ్రంథం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తాయి. గాంబుల్ ప్రారంభించిన మద్రాసు రాజధాని వృక్షసంపద గ్రంథం కూడా అంతర్జాలంలో చదవవచ్చు. కేంద్ర ప్రభుత్వ దస్త్రాలకు జాతీయ అభిలేఖాగారం వారి 'అభిలేఖ్ పటల్' ఆధారం. ముప్పై ఏళ్ళ కిందట ఇవన్నీ చూడాలంటే చెన్నపట్నం, ఢిల్లీ తిరగవలసి వచ్చేది. ఆ శ్రమ తప్పినందుకు సంతోషించవలసిందే.

కాని చింతపల్లి అన్న ఒక్క పేరుతో వెతికితే పని జరగదు. నేటి చింతపల్లి మండలం 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. అంతకుముందు విశాఖపట్నం జిల్లా, ఆ జిల్లాకు ఆంగ్లేయులు రాసిన పేరు వైజాగపటం. ఈ కొండలు నాటి రికార్డుల్లో గూడెం అనీ, గోలుగొండ ఏజెన్సీ అనీ కనిపిస్తాయి. గోలుగొండ ఆంగ్ల వర్ణక్రమం హైదరాబాదు గోల్కొండకు ఎంత దగ్గరంటే, యంత్రశోధనలో రెండూ కలిసిపోయి కుతుబ్‌షాహీల ఫలితాలు ముందుకు వస్తాయి. నర్సీపట్నం నుంచి కొండ ఎక్కే దారిలోని ఊరు కూడా లంబసింగి అనీ, లమ్మసింగి అనీ రెండు రూపాల్లో ఉంది. పోడుకూ ఇదే అవస్థ. మన పోడును అధికారులు ఒకచోట పోడు అన్నా, మరొకచోట కన్నడ ప్రాంతపు కుమ్రి, మలబారు పోనం, ఈశాన్యపు ఝూమ్ అన్న పేర్లతో కలిపి చర్చించారు. పంటల పేర్లలో తమిళం పెత్తనం చేసింది. మద్రాసు రాజధాని గెజిటీర్లలో జొన్న చోళమై, సజ్జ కుంబు అయి కూర్చుంటాయి. ఉత్తరాంధ్ర చోడి రాగిగా, వలిసెలు నైగరుగా కనిపిస్తాయి. తెలుగు ప్రతుల విషయంలో చిక్కు ఇంకోరకం. వాటిలో చాలావరకు బొమ్మలుగా మాత్రమే భద్రపడ్డాయి, అక్షరశోధనకు లొంగవు. పుట పుటా తిప్పి చూడడం తప్ప మార్గం లేదు. ఈ పేర్ల పట్టిక ఒకటి తయారుచేసుకోకుండా మన్యంపై అంతర్జాల పరిశోధన మొదలుపెట్టడం వృథా శ్రమ అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

3. రికార్డుల్లో పోడు: కారణమా, ఫలితమా?

గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను సాధారణ న్యాయపాలన నుంచి వేరుచేసి కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించిన చట్టం 1839 నాటిది. 'ఏజెన్సీ' అన్న మాట అలా వచ్చింది. ఆ కాలంలో సర్కారుకు మన్యం నుంచి కావలసింది ప్రధానంగా ముఠాదారుల విధేయత, కప్పం. కొండవాలుపై ఎవరు ఏమి విత్తుతున్నారన్నది పెద్దగా పట్టింపు కాదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో పరిస్థితి మారింది. అడవి ఆదాయ వనరైంది, ఆ వనరును తగలబెట్టేవాడు నేరస్థుడయ్యాడు. 1907 గెజిటీరు ఈ దృష్టి నుంచే పోడును చూస్తుంది. అడవుల అధ్యాయంలో పోడు ప్రధానంగా నష్టకారి. అదే సేద్యం తినేవాడి పళ్ళెంలోకి ఏమి చేర్చిందన్న లెక్క అక్కడ ఉండదు.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. పోడు నిలకడ దాని బీడుకాలం మీద ఆధారపడి ఉంటుంది. రెండు మూడేళ్ళు పండించిన చెక్కను వదిలేస్తే మోళ్ళు చిగిర్చి, పొదలు అల్లుకుని, ఆకు రాలి నేల తిరిగి సత్తువ పుంజుకుంటుంది. ఇందుకు చాలా ఏళ్ళు పడుతుంది. అంటే ఒక కుటుంబం ఒక ఏడాది సాగుచేసే నేలకు కొన్ని రెట్ల నేల విశ్రాంతిలో ఉండాలి. రిజర్వు అడవి హద్దురాళ్ళు పాతినప్పుడు పోయింది సాగుచెక్క మాత్రమే కాదు, ఈ విశ్రాంతి నేల. మిగిలిన కొద్ది చోట్లకే జనం త్వరత్వరగా తిరిగి రావలసి వచ్చింది. బీడుకాలం కుదించుకుపోయింది, మట్టి కొట్టుకుపోయింది, దిగుబడి పడిపోయింది. అప్పుడు వచ్చిన అధికారి బోడికొండను చూసి పోడు అడవిని నాశనం చేస్తున్నదని రాశాడు. ఆయన చూసిన బోడికొండ నిజమే. అది ఎలా ఏర్పడిందన్న చరిత్ర మాత్రం ఆయన నివేదికలో తలకిందులైంది. హద్దులు పాతిన తరువాతి పరిస్థితి అంతకుముందరి సేద్యానికి లక్షణమై పోయింది. అంతర్జాలంలో ఈ నివేదికను విడిగా దించుకుని చదివే విద్యార్థికి ఈ తిరకాసు తెలియడం కష్టం. నివేదిక తేదీని రిజర్వు ప్రకటన తేదీతో పోల్చి చూడడమే దీనికి విరుగుడు.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసు ఠాణాపై దాడిచేసిన ఘటన అందరికీ తెలిసినదే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో కొండవారిచేత చేయించిన వెట్టి, ముఠాదారుల అసంతృప్తి, పోడుపై ఆంక్షలు ఆ తిరుగుబాటుకు నేపథ్యమని డేవిడ్ ఆర్నాల్డ్ 1982లోనూ, అట్లూరి మురళి 1984లోనూ రాసిన వ్యాసాల వంటివి ఇప్పటికే చర్చించాయి. తిరుగుబాటు దస్త్రాలను సేద్యచరిత్రకు ఆధారంగా చదివిన పని మాత్రం తక్కువ. బలగాలు ఏ నెలలో ఏ ఊళ్ళో ధాన్యం దొరక్క ఇబ్బంది పడ్డాయి, జనం ఏ కాలంలో కొండమీది పాకల్లో ఉన్నారు వంటి చిన్న సంగతులు సైనిక, పోలీసు కాగితాల్లో యథాలాపంగా పడుతుంటాయి. పంటల క్యాలెండరును పునర్నిర్మించడానికి అవి పనికివస్తాయి. రాసినవాడు ఉద్దేశించని చోట దొరికే సమాచారమే ఇక్కడ ఎక్కువ నమ్మదగినది.

ఈ దృష్టి వలసపాలనతో అంతరించలేదు, మన దేశానికే పరిమితమూ కాలేదు. 1957లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తన అటవీ పత్రిక 'యునాసిల్వా'లో పోడును ఉష్ణమండల భూవినియోగంలోని అతి పెద్ద సమస్యల్లో ఒకటిగా పేర్కొంటూ ప్రభుత్వాలకు విజ్ఞప్తి చేసింది. విచిత్రమేమంటే అదే ఏడాది అదే సంస్థ, ఫిలిప్పీన్సు హనునూ ప్రజల పోడుపై హెరాల్డ్ కాంక్లిన్ చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. పోడు గజిబిజి కాదనీ, మొక్కల గురించిన లోతైన ఎరుకతో నడిచే వ్యవస్థ అనీ ఆ గ్రంథం నిరూపించింది. విధానాలను మాత్రం మొదటి దృష్టే నడిపింది.

4. రికార్డుకెక్కని వ్యవస్థ

మన్యంలో రైతు నేలను పల్లం, గరువు, కొండ అని విడదీస్తాడు. వాగు ఒడ్డున పల్లంలో వరి, ఇంటికి దగ్గరి గరువులో చోడి, వలిసెలు, ఆ పైన వాలులో పోడు, అన్నింటికీ ఎగువన అడవి. ఇంటి చుట్టూ చిక్కుడు పందిరి, పెండలం, పసుపు ఉంటాయి. పర్మాకల్చర్ బోధించే మండలాల విభజనకూ దీనికీ పోలిక స్పష్టం. పోలిక ఉన్నంతమాత్రాన రెండూ ఒకటేనని, మనవాళ్ళు ఏనాడో పర్మాకల్చర్ కనిపెట్టారని చెప్పుకోవడం తొందరపాటు. పర్మాకల్చర్ ఒకే చోట బహువార్షిక వృక్షాలను నిలబెట్టి పెంచే పద్ధతి. పోడు నేలను మార్చుకుంటూ పోయే పద్ధతి. మొదటిదానికి సొంత కమతం చాలు, రెండోదానికి ఊరి ఉమ్మడి హక్కు కావాలి. చింతపల్లి చరిత్రలోని ఘర్షణ అంతా ఈ తేడాలోనే ఉంది.

పోడు పనితీరు చూద్దాం. చలికాలం చివర చెట్టూ పొదా నరికి ఎండబెడతారు. ఇప్ప, మామిడి, పనస, చింత, జీలుగు వంటి అక్కరకొచ్చే చెట్లను ఉంచుతారు. మోళ్ళను పెకలించరు, వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. తొలకరికి ముందు కాలుస్తారు. బూడిద ఎరువవుతుంది, కలుపు విత్తనం మాడిపోతుంది. నాగలి లేదు. బొరిగెతో నేల గీకి సామ, కొర్ర, చోడి, జొన్న, కంది, బొబ్బర, ఆముదం వంటివాటిని కలిపి విత్తుతారు. త్వరగా వచ్చే సామ ఆకలి నెలల్లో ఆదుకుంటుంది. కంది చలికాలం దాకా నిలిచి చివరికి చేతికొస్తుంది. ఒకే చెక్క నుంచి నెలల తరబడి విడతలు విడతలుగా తిండి వస్తుంది. ఒకటి పోయినా మరొకటి మిగులుతుంది. ఎకరాకు ఇన్ని బస్తాలన్న గణాంకంలో ఈ భద్రత ఇమడదు. 2016 తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం వానలకు ముందే పలు రకాల విత్తనాలు కలిపి చల్లే పద్ధతిని రైతులకు నేర్పుతున్నది. కలిపి చల్లడం మన్యానికి కొత్త పాఠం కాదు.

ఈ పంటల క్రమం ఏ గెజిటీరులోనూ వరసగా దొరకదు గాని, పండుగల వరసలో భద్రంగా ఉంది. సామకొత్త, కొర్రకొత్త, చిక్కుడుకొత్త, మామిడికొత్త అంటూ ఒక్కొక్క పంటకు ఒక్కొక్క 'కొత్త' ఉంటుంది. దేవతకు నివేదించి కొత్త జరపనిదే ఆ పంటను తినరు. లేతగా ఉండగానే కోయకుండా, గింజ ముదిరి విత్తనానికి సరిపడేదాకా ఆపడానికి ఈ కట్టడి తోడ్పడిందని ఊహించవచ్చు. థర్‌స్టన్ వంటివారి దృష్టిలో ఇటువంటివి ఆచారాలు, నమ్మకాలు. సేద్యచరిత్రకారుడికి ఇది క్యాలెండరు. ఊరూరా కొత్తల పేర్లు, తిథులు, ఏ కొత్త ఎప్పుడు ఆగిపోయింది అన్న సంగతి సేకరిస్తే ఏ పంట ఏ దశాబ్దంలో కొండ దిగిపోయిందో తెలుస్తుంది. సామ పండించడం మానిన ఊళ్ళో సామకొత్త మాటగా మాత్రమే మిగిలి ఉంటే అది కూడా ఆధారమే. కాఫీ, మిరియాలు విస్తరించిన గత కొన్ని దశాబ్దాల మార్పును కొలవడానికి ఇంతకన్న సూక్ష్మమైన సాధనం కనిపించదు.

5. సాక్ష్యంగా చరిత్ర

2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి అటవీభూమి ఆధీనంలో ఉన్న గిరిజనులకు, వాస్తవంగా సాగులో ఉన్నంతమేరకు, గరిష్ఠంగా 4 హెక్టార్లదాకా హక్కు గుర్తిస్తుంది. 2008 నియమావళిలోని 13వ నియమం సాక్ష్యాలను పేర్కొంది. గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే సెటిల్‌మెంటు నివేదికలు, పటాలు, అటవీ ప్రణాళికలు, ఆచారాలను నమోదుచేసిన పరిశోధనలు, లిఖితరూపంలోని పెద్దల వాంగ్మూలాలు అందులో ఉన్నాయి. ఒకటి కన్న ఎక్కువ సాక్ష్యాలను పరిశీలించాలి. పోడును నేరంగా రాసిన గెజిటీరే, అక్కడ పోడు ఉండేదని ఒప్పుకున్నందువల్ల, నేడు పోడుదారుడి పక్షాన నిలబడగలదు. రాసిన అధికారి ఇది ఊహించి ఉండడు.

జెర్రెల ప్రాంతపు బాక్సైటు తవ్వకాలకు అటవీభూమిని మళ్ళిస్తూ 2015లో వెలువడిన జీవో 97, తీవ్ర వ్యతిరేకత తరువాత 2019లో రద్దయింది. అటువంటి సందర్భాల్లో ఆ కొండ ఎవరిది, అక్కడ ఏమి పండేది అన్నది పాండిత్య ప్రశ్నగా ఉండిపోదు.

వ్యక్తిగత పట్టా ఇచ్చే చట్టంలో బీడులో ఉన్న పోడుకు చోటు ఇరుకు. 2005 చివరి ఉపగ్రహచిత్రంలో సాగుచెక్క సాగుచెక్కగా కనిపించవచ్చు. అయిదారేళ్ళ బీడు మాత్రం పచ్చగా చిన్న అడవిలాగే కనిపిస్తుంది. నేల ఎంత బాగా కోలుకుంటే అది అంతగా 'సాగులో లేని అడవి' అవుతుంది. 2012 సవరణ ఉపగ్రహచిత్రాలు ఇతర సాక్ష్యాలకు తోడు మాత్రమేననీ, వాటికి ప్రత్యామ్నాయం కావనీ స్పష్టం చేసింది. అప్పుడు ఆ బీడు ఎవరిదో, ఎన్నేళ్ళకు మళ్ళీ దాని వంతు వచ్చేదో, అక్కడ చివరిసారి ఏ కొత్త జరిగిందో చెప్పగలిగేది ఊరి పెద్ద. ఆ మాటను తేదీతో, చెక్క పేరుతో, పంటల పేర్లతో తెలుగులో రాసిపెట్టే పని విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖల పరిశోధకులు చేయగలిగినదే. అది చేసినచోట ఆ ప్రతి ఒకటి గ్రామసభ దగ్గర కూడా ఉండాలి.