పాత వంతెన, కొత్త వంతెన: మూసీ, గోదావరి మీది నిర్ణయాల చరిత్ర

నది మీది వంతెనకు వయసు పైబడినప్పుడు ఊరి ముందు మూడు దారులు ఉంటాయి: మరమ్మతు చేసి వాడుకోవడం, కూల్చి అక్కడే మళ్లీ కట్టడం, పాతది ఉండగానే పక్కన కొత్తది లేపడం. తెలుగు నేల మీద ప్రసిద్ధమైన పాత వంతెనల దగ్గర ఎక్కువగా కనిపించేది మూడో దారి. దానికి నిండైన ఉదాహరణ రాజమహేంద్రవరం దగ్గరి గోదావరి. జగిత్యాల, కోరుట్ల వైపు జనం ‘గంగ’ అని పిలుచుకునే నది అదే. ధర్మపురి మెట్లను తాకి వెళ్లిన నీళ్లు, సిరిసిల్ల మీదుగా మానేరు తెచ్చి కలిపిన నీళ్లు చివరికి ఆ వంతెనల కిందికే చేరతాయి.

అయితే చరిత్ర మూసీ దగ్గర మొదలవుతుంది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా 1578లో కట్టించిన పురానాపూల్ హైదరాబాద్ నగరం కంటే పాతది. గోల్కొండను నదికి అవతలి ఒడ్డుతో కలపడానికి రాతి కమానులతో లేపిన ఈ వంతెనకు 1820లో నిజాం సికందర్ జా కాలంలో పెద్ద మరమ్మతు జరిగింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. మూడు వందల ముప్పై ఏళ్ల పురానాపూల్ దెబ్బతిన్నా నిలిచింది. దాన్ని అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ బాగుచేయించారు. తెగిన వంతెనలను తిరిగి కట్టించారు.

ఆ వరద తర్వాత జరిగిన మరో ఆలోచన ఇంకా విలువైనది. హైదరాబాద్‌కు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదను ఎగువనే ఆపాలని సూచించారు. ఆ పథకం నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వంతెనను బలపరచడం ఒక మార్గమైతే, దాని మీదికి వచ్చే నీటి ఉద్ధృతిని తగ్గించడం మరొకటి. వంతెనల చర్చల్లో ఈ రెండోది తరచుగా మరుగునపడుతుంది. తర్వాతి కాలంలో పురానాపూల్ పక్కన కొత్త వంతెన వచ్చింది. పాతదాని మీద బండ్ల బరువు తప్పి, కూరగాయల అంగళ్లు వెలిశాయి.

గోదావరి మీద కథ రైలుతో ముడిపడింది. తూర్పు తీర రైలు మార్గం 1893లో గోదావరి రెండు ఒడ్డులకూ చేరినా, నది మీద వంతెన లేదు. కొవ్వూరులో దిగినవాళ్లు పడవలో దాటి, రాజమహేంద్రవరంలో మళ్లీ రైలు ఎక్కాల్సి వచ్చేది. 1897 నవంబరులో పని మొదలై, 1900లో 56 కంతల (స్పానుల) వంతెన రాకపోకలకు సిద్ధమైంది. రాతి స్తంభాలు, ఉక్కు గర్డర్లు, ఒకే లైను, పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. నిర్మాణ సారథి ఇంజనీరు వాల్టన్. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవలాక్‌ది.

ఒకే లైను వంతెనకు ఒక పెద్ద చిక్కు ఉంది. బాగుచేయాలంటే రైళ్లు ఆపాలి. రైళ్లు ఆపితే మద్రాసు, కలకత్తా దారి మొత్తం తెగుతుంది. రద్దీ పెరిగి రెండో లైను తప్పనిసరి అయినప్పుడు, హేవలాక్‌ను వెడల్పు చేయకుండా, వేరేచోట కొత్త వంతెన కట్టాలని నిర్ణయించారు. 1974 నవంబరు 20న రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించిన రోడ్డు-రైలు వంతెన ఆ నిర్ణయ ఫలితం. కింద రైలు, పైన రోడ్డు. ఒకే వంతెనతో రెండు అవసరాలు తీరాయి, కాని ఒకదాని మరమ్మతు రెండోదాన్ని కూడా ఇబ్బంది పెట్టే చిక్కు కూడా అప్పుడే వచ్చింది.

హేవలాక్‌కు వందేళ్లు దగ్గరపడేసరికి మళ్లీ అదే ప్రశ్న. ఈసారి జవాబు కాంక్రీటులో వచ్చింది. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టిన ఆర్చి వంతెనలో ఒక్కొక్కటి 97.55 మీటర్ల చొప్పున 28 కంతలు. వింటినారిలా బిగిసిన కింది దూలం, దాని మీద విల్లులా వంగిన కమాను: అందంలో దీనికి సాటి వచ్చే రైలు వంతెనలు దేశంలో తక్కువే. 1997లో రైళ్లు దాని మీదికి మారాయి. హేవలాక్ విశ్రాంతికి వెళ్లింది. రోడ్డు రద్దీ కోసం 2015లో, పుష్కరాల సంవత్సరంలో, కొవ్వూరు వైపు నుంచి కాతేరుకు మరో వంతెన తోడైంది. ఇలా ఒక ఊరి దగ్గర నాలుగు వంతెనలు నిలిచాయి.

ఇక్కడ ఒక లోటును గట్టిగానే చెప్పాలి. కొత్తది ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు అన్నది లెక్క వేసినంత శ్రద్ధగా, రైళ్లు మానిన పాతదాని గతి ఏమిటన్నది ఎవరూ తేల్చలేదు. రైలు వెళ్లని వంతెనకు కూడా రంగు వేయాలి, తుప్పు గీకాలి, వరద తగ్గాక పునాది చూడాలి. దాన్ని కాపాడి నడకదారిగా, పర్యాటక స్థలంగా మార్చాలన్న ఆలోచన ఏళ్ల తరబడి నలిగి, 2025 జూన్ 26న శంకుస్థాపన జరిగిన రూ.94.44 కోట్ల అఖండ గోదావరి ప్రాజెక్టులో చోటు దక్కించుకుంది. మధ్యలో పోయినవి ఇరవై ఎనిమిది ఏళ్లు.

ఆ నిర్లక్ష్యానికి ఎంత మూల్యం పడుతుందో మహారాష్ట్రలో తెలిసింది. మహాడ్ దగ్గర సావిత్రి నదిపై కొత్త వంతెన పక్కనే ఉన్నా, బ్రిటిష్ కాలపు పాత వంతెన మీద కూడా వాహనాలు నడిచేవి. 2016 ఆగస్టు 2 రాత్రి వరదకు పాతది కూలి, బస్సులు కొట్టుకుపోయి, ప్రాణాలు పోయాయి. అదే ఏడాది కేంద్రం దేశంలోని వంతెనల స్థితిని నమోదు చేసే వ్యవస్థను ప్రారంభించింది. కొత్తదానికి కూడా అదే జాగ్రత్త కావాలి. పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర మానేరుపై ఇంకా కడుతుండగానే వంతెన గర్డర్లు 2024 ఏప్రిల్ 22 రాత్రి గాలికి పడిపోయాయి.

లండన్‌లోనూ ఈ తర్జనభర్జన నడిచింది. 1817 నాటి వాటర్లూ వంతెనలో ఒక స్తంభం కుంగి, 1924లో దారి మూశారు. నిలపాలా, కూల్చాలా అన్న వాదం పదేళ్లు సాగి, 1934లో కూల్చివేత మొదలైంది. ఈలోగా బండ్ల కోసం పక్కనే తాత్కాలిక వంతెన వేశారు.

నిర్ణయం ఇంత కష్టం కావడానికి కారణం, వంతెన అంతా ఒకేసారి ముసలిది కాకపోవడం. బావి పునాది, రాతి స్తంభం వందేళ్లు దాటినా గట్టిగా ఉండొచ్చు. ముందు అలిసేవి బేరింగులు, ఎక్స్‌పాన్షన్ జాయింట్లు, ఉక్కు అతుకులు. వీటిని జాకీలతో స్పానును ఎత్తి మార్చవచ్చు. స్తంభానికి కాంక్రీటు తొడుగు వేయవచ్చు. కాని నీటి అడుగున కోత పడి పునాది బయటపడితే మాత్రం మరమ్మతు మాట వెనక్కి పోతుంది. నదిలో ఇసుక తవ్వేకొద్దీ ఈ కోత పెరుగుతుంది. మానేరు ఒడ్డున ఉన్నవాళ్లకు దీన్ని వివరించి చెప్పనక్కరలేదు. అందుకే ఎంచుకునే ముందు, పైన కనబడే పగుళ్ల కంటే కింద కనబడని మట్టిని ముందు చూడాలి.

రాజమహేంద్రవరం రోడ్డు-రైలు వంతెనకు ఎంచుకున్న దారి మరమ్మతే. 2023 సెప్టెంబరు చివరి నుంచి సుమారు నెల రోజులు దాని రోడ్డును మూసి పనులు చేశారు. అవతలి ఒడ్డుకు వెళ్లాల్సినవాళ్లు వేరే వంతెనల మీదికి చుట్టి వెళ్లారు. 2024 నవంబరు 20తో ఆ వంతెనకు యాభై ఏళ్లు నిండాయి.