తార్నాక దారిలో రాగ్‌టైమ్

రాగ్‌టైమ్ ప్రధానంగా పియానో సంగీతం. 1890ల్లో అమెరికా మధ్య ప్రాంతపు ఊళ్లలో నల్లజాతి వాద్యకారుల చేతుల్లో అది రూపు దిద్దుకుంది. 1897 నుంచి అచ్చు కాగితాల మీద దేశమంతా అమ్ముడైంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి జాజ్‌కు చోటిచ్చి పక్కకు తప్పుకుంది. మొత్తం మీద పాతికేళ్లు నిండని వైభవం. జాజ్ వాద్యకారుడు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతాడు. రాగ్‌టైమ్‌లో మేలైన రచనలు మాత్రం స్వరకర్త నొటేషన్‌లో రాసిపెట్టినవి, రాసినది రాసినట్టు వాయించవలసినవి. అందువల్ల ఒక పియానో, ఒక కాగితం, ఓపిక ఉన్నచోట ఆ సంగీతం మొలకెత్తగలదు. హైదరాబాదులో ఈ మూడింటి కథ రెండు దారుల్లో నడిచింది. పియానో కంటోన్మెంటుతో, రైలుతో సికింద్రాబాదుకూ లాలాగూడకూ వచ్చింది. అమెరికా గురించిన పుస్తకాలు చాలా కాలం తర్వాత ఉస్మానియా క్యాంపస్‌కు వచ్చాయి. ఈ రెంటి మధ్య ఉన్న పేట తార్నాక.

ఆ సంగీతం ఎలా నడుస్తుందో ముందు తెలియాలి. ఎడమ చెయ్యి మంద్ర స్థాయిలో ఒక స్వరం కొట్టి, పైకి గెంతి ఒక స్వరగుచ్ఛం కొడుతుంది. మళ్లీ కిందికి, మళ్లీ పైకి. తాళం వేసే చెయ్యి అదే, తడబడకూడదు, తొందరపడకూడదు. కుడిచెయ్యి ఆ దెబ్బల మీద పడవలసిన స్వరాలను కొంచెం ముందో వెనుకో వేస్తుంది. దీన్నే సింకోపేషన్ అంటారు. కర్ణాటక సంగీతంలో తాళపు దెబ్బకు ముందో వెనుకో ఎత్తుకునే అతీత, అనాగత ఎడుపులు తెలిసిన చెవికి ఇది వింతగా ఉండదు. ఎనిమిది అక్షరాల కాలాన్ని నాలుగూ నాలుగుగా కాక మూడు, మూడు, రెండుగా విరవడం మృదంగం వాయించేవారికి రోజువారీ పనే. అయితే అక్కడ తాళం వేసేది ఒకరు, దాని మీద ఆడుకునేది మరొకరు. ఇక్కడ రెండూ ఒకే మనిషి చేతులు. రచన పొందిక కూడా ఇంచుమించు స్థిరమే. పదహారు బార్ల ఖండికలు సాధారణంగా నాలుగు, ఒక్కొక్కటీ రెండుసార్లు. మూడోదాని దగ్గర శ్రుతి మధ్యమానికి మారుతుంది. దాన్ని ట్రయో అంటారు.

ఈ శైలికి పెద్ద పేరు స్కాట్ జాప్లిన్. 1868 ప్రాంతంలో టెక్సస్‌లో పుట్టాడు. తండ్రి బానిసత్వం నుంచి బయటపడినవాడు, తల్లి తెల్లవారి ఇళ్లలో పనిచేసేది. టెక్సర్కానా ఊళ్లో జూలియస్ వైస్ అనే జర్మన్ మేష్టారు కుర్రవాడి ప్రతిభ చూసి యూరప్ సంగీతం నేర్పాడు. 1890ల నడుమ జాప్లిన్ మిస్సోరీ రాష్ట్రంలోని సెడేలియా చేరాడు. అది రైల్వే ఊరు: వర్క్‌షాపులు, సారా దుకాణాలు, వేశ్యాగృహాలు, వాటన్నిటిలో పియానోలు. అదే ఊళ్లో నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టిన జార్జ్ ఆర్. స్మిత్ కాలేజీలో అతను సంగీతం చదివాడు. రాత్రి సారా దుకాణం, పగలు కాలేజీ తరగతి. రాగ్‌టైమ్‌లోని జోరుకూ, దాని నిర్మాణంలోని క్రమశిక్షణకూ మూలం ఈ రెండూ కలవడంలోనే ఉంది. 1899 ఆగస్టులో జాన్ స్టార్క్ అనే సంగీత దుకాణదారు అతని ‘మేపుల్ లీఫ్ రాగ్’ అచ్చుకు ఒప్పందం రాసుకున్నాడు. కాపీకి ఒక సెంటు రాయల్టీ. కొద్దిమొత్తమే, కానీ నల్లజాతి స్వరకర్తల రచనలను ఏకమొత్తంగా కొనేసి చేతులు దులుపుకునే కాలంలో అది అరుదైన ఒప్పందం. ఆ రచన ఏళ్ల తరబడి అమ్ముడవుతూ పోయింది. 1902లో ‘ది ఎంటర్‌టైనర్’ వచ్చింది.

కాలాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే 1893 ఆసక్తికరమైన సంవత్సరం. ఆ ఏడు షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు వాద్యకారులు నలుదిక్కుల నుంచీ చేరారని, జనం తొలిసారి ఈ కొత్త లయను అక్కడి పరిసరాల్లో విన్నారని, జాప్లిన్ కూడా వెళ్లాడని చెబుతారు. ఆ ప్రదర్శనలో భాగంగానే సెప్టెంబరులో సర్వమత మహాసభ జరిగింది. అందులో మాట్లాడిన వివేకానందుడు అంతకు ఏడు నెలల ముందు, ఫిబ్రవరిలో, సికింద్రాబాదు మహబూబ్ కాలేజీలో తన పడమటి ప్రయాణం గురించి ఉపన్యసించాడు. నిజాం రైల్వే లాలాగూడలో వర్క్‌షాపు పెట్టిందీ 1893లోనే.

రాగ్‌టైమ్ నేర్పడం అమెరికాలో మొదటి నుంచీ ఒక వ్యాపారం. 1897లోనే బెన్ హార్నీ పేరుతో బోధనా పుస్తకం వెలువడింది. 1903లో షికాగోలో ఏక్సెల్ క్రిస్టెన్సెన్ పది పాఠాల్లో రాగ్‌టైమ్ నేర్పుతానని పత్రికల్లో ప్రకటన ఇచ్చాడు. తర్వాత పలు నగరాల్లో అతని బడుల శాఖలు వెలిశాయి. వచ్చిన ఏ పాటనైనా రాగ్‌టైమ్ నడకలోకి తిప్పుకునే చిట్కాలు అక్కడ చెప్పేవారు. జాప్లిన్‌కు ఈ చిట్కాల పద్ధతి నచ్చలేదు. 1908లో ‘స్కూల్ ఆఫ్ రాగ్‌టైమ్’ పేరుతో ఆరు అభ్యాసాలున్న చిన్న పుస్తకం సొంతంగా వేశాడు. కుడిచేతి స్వరం ఎడమచేతి ఏ దెబ్బకు ఎంత దూరంలో పడుతుందో చూపడానికి అందులో చుక్కల గీతలు గీశాడు. కాగితం మీద ఉన్న ప్రతి స్వరానికీ దాని పూర్తి విలువ ఇవ్వాలనీ, ఎప్పుడూ వేగంగా వాయించకూడదనీ అతని పట్టు. పోటీల్లో వేళ్ల వేగం చూపించుకునే వాద్యకారులకు ఇది మింగుడుపడలేదు. ఈనాటికీ ‘మేపుల్ లీఫ్’ను పరుగు పందెంలా వాయించేవారున్నారు. సవరణ అవసరమున్నది వాళ్ల వేళ్లకు కాదు, వాళ్ల చెవులకు.

ఇంత క్రమంగా రాసిన సంగీతానికి గౌరవం మాత్రం వెంటనే దక్కలేదు. 1901లో అమెరికా సంగీతకారుల సమాఖ్య సభ్యులెవరూ రాగ్‌టైమ్ వాయించవద్దని తీర్మానించింది. జాప్లిన్ 1911లో ‘ట్రీమనీషా’ అనే ఒపెరాను సొంత డబ్బుతో అచ్చు వేసుకున్నాడు. చదువుకున్న ఒక నల్లజాతి అమ్మాయి తన పల్లెను మంత్రగాళ్ల పట్టు నుంచి తప్పించి ముందుకు నడిపించే కథ అది. కందుకూరి వీరేశలింగం రచనలు చదివినవారికి ఆ తపన బాగా పరిచయమే. దాన్ని పూర్తిస్థాయిలో రంగస్థలం మీద చూడకుండానే 1917 ఏప్రిల్ 1న న్యూయార్క్‌లో జాప్లిన్ చనిపోయాడు. 1974 దాకా సమాధి మీద పేరు కూడా లేదు.

సముద్రాలు దాటిన రాగ్‌టైమ్ ముందుగా లండన్ ఫ్యాషన్ అయింది. 1912 డిసెంబరులో అక్కడ ‘హలో, రాగ్‌టైమ్!’ అనే ప్రదర్శన మొదలై జనాన్ని విరగబడేలా చేసింది. లండన్‌లో ఏది మోజైతే అది ఓడల మీద, గ్రామఫోన్ రికార్డులుగా, పాటల కాగితాలుగా వలస దేశాల కంటోన్మెంట్లకు చేరే కాలమది. 1806లో వెలసిన సికింద్రాబాదుకు సైనిక బ్యాండ్లు కొత్త కాదు. 1878 నుంచి క్లబ్బు ఉంది. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు వచ్చింది. లాలాగూడ వర్క్‌షాపు చుట్టూ లాలాగూడలో, మెట్టుగూడలో రైల్వే కాలనీలు పెరిగాయి. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లుగా పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఏ రైల్వే కాలనీలోనైనా ఇన్‌స్టిట్యూట్ ఉండేది. చెక్క నేల పరిచిన హాలు, ఒక మూల పియానో, శనివారం రాత్రి డాన్సు. చర్చిలో కీర్తనలకు, ఇంట్లో పుట్టినరోజుకు, ఇన్‌స్టిట్యూట్‌లో ఫాక్స్‌ట్రాట్‌కు అదే వాద్యం. ఫాక్స్‌ట్రాట్ కూడా రాగ్‌టైమ్ కాలం చివర్లో పుట్టిన నాట్యమే.

దక్కన్ వాతావరణం పియానోకు అంత అనుకూలం కాదు. ఎండాకాలం చెక్క ఎండి బిరడాలు వదులవుతాయి, తంతులు శ్రుతి దిగిపోతాయి. వానాకాలం ఫెల్ట్ తేమ పీల్చి మెట్లు అతుక్కుంటాయి. సుత్తులకు చుట్టిన ఉన్నికి పురుగు పడుతుంది. వాద్యం ఉంటే సరిపోదు, శ్రుతి చేసే మనిషి కావాలి, విడిభాగాలు కావాలి. పియానో నేర్చుకునేవారికి పెట్టే పరీక్షలు మద్రాసు వైపు నుంచి విస్తరించాయి. అక్కడి మ్యూజీ మ్యూజికల్ 1842 నాటి దుకాణం. లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షలకు దక్షిణాదిన చాలా కాలం అదే ఆధారం. గ్రేడ్ల వారీ పరీక్షల పద్ధతి పియానోను పాశ్చాత్య కుటుంబాల హాలు దాటించి మామూలు మధ్యతరగతి ఇళ్లకు చేర్చింది.

తెలుగువారికి మెట్ల వాద్యమంటే అంతకుముందు నుంచీ హార్మోనియమే. పద్యనాటకాలు, హరికథలు, భజన మండళ్లు అన్నీ దాని మీదే నడిచాయి. చేతి హార్మోనియం వాయించేవారి కుడిచెయ్యి పాట మోస్తుంది, ఎడమచెయ్యి తిత్తి ఊదుతుంది. అలాంటివారు పియానో దగ్గర కూర్చుంటే కుడిచేతికి నల్ల మెట్లూ తెల్ల మెట్లూ ఇట్టే వశమవుతాయి. అసలు పరీక్ష ఎడమచేతికి. రాగ్‌టైమ్ బరువంతా ఆ చేతి మీదే. అందుకే నేర్పేవారు ముందు కొన్ని వారాలు ఎడమచేతి భాగం ఒక్కటే వాయించమంటారు. మంద్ర స్వరం నుంచి గుచ్ఛానికి గెంతే దూరం, మెట్లకేసి చూడకుండానే చేతికి అందాలి.

ఇక క్యాంపస్ దారి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. అడిక్‌మెట్ ఆవరణలో ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. ఆ నేల పూర్వం మహలఖా బాయి చందా జాగీరు. నిజాం దర్బారులో గాయనిగా, నర్తకిగా, ఉర్దూ కవయిత్రిగా పేరున్న ఆమె 1824లో మరణించింది. ఆమె పేరిట చెప్పుకునే మెట్లబావి ఇప్పటి ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఆవరణలో ఉంది. 

1958లో ఈ పరిసరాల్లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ వెలిసింది. అదే తర్వాత సీఫెల్, 2007 నుంచి ఇఫ్లూ. 1964లో ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ పెట్టారు. అమెరికా సాహిత్యం, చరిత్ర, సమాజం గురించి అమెరికా బయట అంత పెద్ద గ్రంథాలయాలు అప్పట్లో తక్కువ. నల్లజాతి రచయితల మీద పరిశోధన చేయదలచినవారు దేశం నలుమూలల నుంచీ రైలెక్కి సికింద్రాబాదులో దిగి ఇక్కడికి వచ్చేవారు. రాగ్‌టైమ్ పుట్టిన సమాజం, దాని రైళ్లు, దాని చర్చిలు, దాని అవమానాలు తార్నాక పక్కనే పుస్తకాల్లో దొరికిన కాలమది. తర్వాత ఆ కేంద్రం పేరు మారి ఉస్మానియా యూనివర్సిటీ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్ అయింది.

ఆ కేంద్రం వెలియడానికి ముందు ఏడాదే, 1963లో, డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ బృందం అమెరికా ప్రభుత్వం తరఫున భారతదేశంలో పర్యటించింది. ‘మేపుల్ లీఫ్ రాగ్’ అచ్చైన 1899లోనే పుట్టిన ఎలింగ్టన్ తొలి రచన ‘సోడా ఫౌంటెన్ రాగ్’. పియానో వాద్యకారుడు జేమ్స్ పి. జాన్సన్ రచన ఒకదాన్ని అతను నేర్చుకున్న తీరు ప్రసిద్ధం. చిల్లుల కాగితపు చుట్టతో దానంతట అదే మోగే పియానోను నెమ్మదిగా తిప్పి, దిగిన మెట్ల మీద వేళ్లు పెట్టి పట్టుకున్నాడు. భారతదేశానికి అమెరికన్ పియానో అంతకన్నా ముందే వచ్చింది: న్యూ ఆర్లీన్స్‌లో పియానో నేర్చిన టెడ్డీ వెదర్‌ఫర్డ్ బొంబాయి, కలకత్తా హోటళ్లలో వాయించి, 1945లో కలకత్తాలోనే కలరాతో చనిపోయాడు.

రాగ్‌టైమ్‌కు రెండో జీవితం 1970లో మొదలైంది. జాషువా రిఫ్కిన్ అనే సంగీత పండితుడు జాప్లిన్ రచనలను తొందర లేకుండా, శాస్త్రీయ కచేరీ మర్యాదతో రికార్డు చేశాడు. మరుసటి ఏడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ సమగ్ర రచనలు వేసింది. 1973లో ‘ది స్టింగ్’ సినిమా ‘ది ఎంటర్‌టైనర్’ను ప్రపంచమంతా వినిపించింది. ఆ సినిమా కథ 1930ల నాటిది. అప్పటికి రాగ్‌టైమ్ మోజు పోయి పదిహేనేళ్లు దాటింది. ఆ పొరపాటును చరిత్రకారులు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. 1976లో జాప్లిన్‌కు మరణానంతరం ప్రత్యేక పులిట్జర్ పురస్కారం ఇచ్చారు.

ఆ తర్వాత పియానో నేర్చుకునే పిల్లల పుస్తకాల్లో ‘ది ఎంటర్‌టైనర్’ సులభ రూపం మామూలైపోయింది. హైదరాబాదులో ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎమ్ పరీక్షా బోర్డుల గ్రేడ్లకు చదివేవారిలో చాలామందికి రాగ్‌టైమ్ పరిచయం అలాగే జరుగుతుంది. ఇళ్లలో ఎక్కువగా ఉండేది 61 మెట్ల కీబోర్డు. దాని మీద సులభ రూపం సాగుతుంది గానీ అసలు రచన సాగదు. ఎడమచేతికి కావలసిన అట్టడుగు మెట్లు అందులో లేవు. 88 మెట్లు, నొక్కిన బరువును బట్టి ధ్వని మారే డిజిటల్ పియానో దొరికితే మొదలుపెట్టవచ్చు. జాప్లిన్ రచనలకు కాపీరైట్ తీరిపోయింది కనుక నొటేషన్ ఉచితం. ‘ది ఎంటర్‌టైనర్’ సి మేజర్‌లో ఉంటుంది కనుక ముందు అది మేలు. తర్వాత 1909 నాటి ‘సొలేస్’: నెమ్మది నడక, టాంగో ఛాయ. ‘మేపుల్ లీఫ్’ మొదటి ఖండికలో నాలుగు ఫ్లాట్లు, ట్రయోలో అయిదు. పైగా ట్రయోలో ఎడమచేతి గెంతులు ఎక్కువ. ఆ పదహారు బార్లను మెట్రోనోమ్ సగం వేగంలో పెట్టి, చేతులు విడివిడిగా పట్టుకున్నాకే కలపాలి.