బండ అనే పేరు పెట్టుకున్న చిన్న పరిచర్య



ఆదికాండము మొదటి అధ్యాయములో నరునికి ఇవ్వబడిన ఏలుబడిని గూర్చి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాము. రెండవ అధ్యాయములో మరొక సంగతి ఉంది. తోటను సాగుచేయడంతోపాటు దాన్ని కాపాడే బాధ్యత కూడా మనిషికే అప్పగించబడింది. ఈ రెండవ సంగతిని పట్టుకొని బయలుదేరిన ఒక చిన్న సంస్థ చరిత్రను ఈ దినము మీతో పంచుకోవాలని ఆశిస్తున్నాను. దాని పేరు ఎ రోషా. పోర్చుగీసు భాషలో ఆ మాటకు బండ అని అర్థం.

1983లో ఇంగ్లండుకు చెందిన పీటర్ హారిస్ అనే ఆంగ్లికన్ పాదిరిగారు, ఆయన భార్య మిరాండా, తమ చిన్న బిడ్డలతో కలిసి పోర్చుగల్ దేశానికి వెళ్ళారు. ఆ దేశపు దక్షిణ తీరంలో అల్వోర్ అనేచోట నదీజలాలు సముద్రంలో కలుస్తాయి. ఉప్పునీటి మడుగులు, బురద నేలలు, ఇసుక తిన్నెలు ఉన్న ప్రాంతమది. ఐరోపా, ఆఫ్రికా ఖండాల మధ్య ఎగిరిపోయే వలస పక్షులు అక్కడ దిగి, మేత మేసి, బలం తెచ్చుకొని సాగిపోతాయి. అదే తీరంలో పర్యాటకుల కోసం హోటళ్ళు, గోల్ఫ్ మైదానాలు లేస్తున్న కాలమది.

వారు అక్కడ ఏమి చేశారు? క్రుజిన్యా అనే ఇంట్లో కాపురముండి, వచ్చినవారికి ఆతిథ్యమిచ్చారు. పక్షులను వలలో పట్టి, కాలికి చిన్న లోహపు కడియం తొడిగి, వివరాలు రాసుకొని విడిచిపెట్టారు. మొక్కలను, పురుగులను లెక్కించారు. పిట్టలను లెక్కపెట్టడం కూడా పరిచర్యేనా అని మీరు అడగవచ్చు. గమనించండి, ఏ ప్రాణి ఎక్కడ ఎంత ఉందో లెక్క లేకపోతే, ఆ నేల పోయిన రోజున ఏమి పోయిందో చెప్పేవారే ఉండరు. 1995లో హారిస్ దంపతులు ఆ పనిని పోర్చుగీసువారి చేతులకే అప్పగించి కదిలారు. 1996లో అల్వోర్ రామ్‌సర్ జాబితాలో చేరింది. అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలల జాబితా అది. మన కొల్లేరు 2002లో చేరింది కూడా ఆ జాబితాలోనే.

రెండవదిగా, లెబనోను వైపు చూద్దాము. ఈ పేరు మనకు బైబిలులోని దేవదారు వృక్షాల ద్వారా పరిచయమే. ఆ దేశం 1975 నుండి 1990 వరకు అంతర్యుద్ధంలో నలిగిపోయింది. బెకా లోయలో ఆమ్మిక్ అనే చిత్తడి నేల ఉంది. ఆ దేశంలో మిగిలిన మంచినీటి చిత్తడి నేలల్లో అదే పెద్దది. సాగుకోసం నీళ్ళు తోడేయడం, పశువులు అతిగా మేయడం, వేట, ఇవన్నీ దాన్ని కుదించివేశాయి. క్రిస్ నేలర్ అనే సైన్సు ఉపాధ్యాయుడు, ఆయన భార్య సుసానా, స్థానికులతో కలిసి అక్కడ పనిచేశారు. భూమి సొంతదారులతో సంప్రదించారు. బడిపిల్లలను ఆ నీటి ఒడ్డుకు తీసుకొచ్చి పాఠం చెప్పారు. 1999లో ఆమ్మిక్ కూడా రామ్‌సర్ జాబితాకెక్కింది.

మూడవదిగా, కెన్యా. నా ఉద్దేశంలో ఈ చరిత్ర అంతటికీ గుండెకాయ ఇక్కడే ఉంది. హిందూ మహాసముద్ర తీరంలో అరబుకో సోకోకె అనే అడవి ఉంది. దాని విస్తీర్ణం సుమారు 420 చదరపు కిలోమీటర్లు. మరెక్కడా దాదాపు కనిపించని పిట్టలు, ఒక చిన్న గుడ్లగూబ, బంగారు రంగు నడుము గల ఏనుగు చుంచు అనే జంతువు అక్కడున్నాయి. చుట్టూ ఉన్నది బీద పల్లెలు. అక్కడి తండ్రి గొడ్డలి పట్టుకొని అడవికి వెళ్ళేది చెట్టుమీద పగతో కాదు. బిడ్డ హైస్కూలు ఫీజు కట్టాలి, చేతిలో డబ్బు లేదు, దుంగ అమ్మితే డబ్బు వస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. అతన్ని పట్టి జైలులో పెడితే అడవి దక్కుతుందా? ఎ రోషా వేరొక దారి ఎంచుకుంది. 2001లో ఒక పథకం మొదలుపెట్టారు. దగ్గరలోని మిడా క్రీక్ అనే ఉప్పుటేరు మడ అడవిలో చెక్కలతో వేలాడే నడకదారి కట్టారు. పక్షులను చూడటానికి చాటు గది కట్టారు. వచ్చిన సందర్శకులు చెల్లించే రుసుము, దాతలిచ్చిన సొమ్ము అడవి అంచు పల్లెల పిల్లలకు ఫీజులుగా మారాయి. ప్రతిగా ఆ కుటుంబాలు అడవిని కాపాడటంలో, మొక్కలు నాటడంలో పాలుపంచుకోవాలి. నిలబడి ఉన్న అడవే బిడ్డ చదువుకు ఆధారమైంది. దీనితో చెట్లు కొట్టడం పూర్తిగా ఆగిపోయిందని చెప్పను, ఆగలేదు. ఫీజు అందిన పిల్లలకంటే అందని పిల్లలే ఎక్కువ. అయినా ఆకలిగొన్నవాని పక్షమా, అడవి పక్షమా అని అడిగేవారికి ఆ పల్లెలు ఒక జవాబు చూపించాయి.

మన దేశంలో ఈ సంస్థ బెంగళూరు ప్రక్కనున్న బన్నేరుఘట్ట అడవి అంచున, ఏనుగుల వలన పంట నష్టపోయే రైతుల మధ్య పనిచేసింది. చిత్తూరు ప్రాంతపు చదువరులకు ఈ బాధ వివరించనక్కరలేదు. 1980లలో పొరుగు రాష్ట్రాల అడవులనుండి ఏనుగులు కౌండిన్య ప్రాంతానికి వచ్చినప్పటినుండి రైతు నష్టమూ, ఏనుగు చావూ రెండూ వారు చూస్తూనే ఉన్నారు.

2019 అక్టోబరు 28న దక్షిణాఫ్రికాలో వీరు ప్రయాణిస్తున్న వాహనం వంతెనమీదనుండి నీళ్ళలో పడింది. మిరాండా హారిస్, క్రిస్ నేలర్, సుసానా నేలర్ మరణించారు. పీటర్ హారిస్ బ్రతికారు. ఒక్క దినమున ముగ్గురు ముఖ్యులను కోల్పోయిన సంస్థ ఇక ఆగిపోతుందని ఎవరైనా అనుకుంటారు. ఆగలేదు. ఎందుకు? ప్రతి చోటా పనిని ఆ ఊరివారికే నేర్పి, వారి చేతికే ఇస్తూ వచ్చారు గనుక.

ప్రియ చదువరీ, పెద్ద నిధులు లేవని మనం చాలాసార్లు వెనుదీస్తాము. ఈ చరిత్రలో మొదట ఉన్నది ఒక కుటుంబం, ఒక ఇల్లు, ఒక నీటి ఒడ్డు. మీ ఊరి చెరువు ఎవరి చేతుల్లో ఉంది? దాని గట్టున చెట్టు కొట్టే మనిషి ఇంట్లో ఏ అవసరం ఉంది? ఈ రెండు ప్రశ్నలు విడివిడిగా కాక ఒక్కటిగా అడగండి. జవాబు తెలిసిన చోటనే మీ పరిచర్య మొదలవుతుంది.