కడచీల

మా నాన్న బండి కట్టేటప్పుడు ఎద్దుల దగ్గరికి కాదు, ముందు చక్రం దగ్గరికి వెళ్లేవాడు. ఇరుసు చివర కడచీల ఉందో లేదో వేలితో తడిమి, రాయితో ఓ తట్టు తట్టి, ఆ తర్వాతే కాడి ఎత్తేవాడు. వేలెడంత ఇనప ముక్క. అది జారితే చక్రం జారుతుంది, తెనాలికి పోవాల్సిన ధాన్యం కాలవపాలవుతుంది. నేను ఎయిర్‌ఫోర్సులో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా చేరాక, బెంగళూరు జాలహళ్లిలో మొదటిసారి, నట్టు ఊడకుండా దూర్చి కాళ్లు వంచే స్ప్లిట్ పిన్ను చేతిలో పెట్టినప్పుడు నవ్వొచ్చింది. పేరు ఇంగ్లీషోళ్లది, సరుకు మా ఇంటిది.

ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు. ఒకరోజు బద్ధకించి, ఊడదీసిన పాత పిన్ను కాళ్లే తిన్నగా సాగదీసి మళ్లీ పెట్టేశాను. మా సార్జెంటు మలయాళీ. అరవలేదు. దాన్ని బయటికి లాగి నా ముందే అటొకసారి ఇటొకసారి వంచాడు. ఒక కాలు పుటుక్కున విరిగి నా అరచేతిలో పడింది. "పైలట్ భార్యకి ఉత్తరం నువ్వు రాస్తావా, నేను రాయనా?" అన్నాడు. యాభై ఏళ్లయింది, ఇప్పటికీ వంగిన పిన్ను కనిపిస్తే చెయ్యి దానంతటదే అటు పోతుంది.

అందుకే మా అమ్మాయి ఉండే విస్కాన్సిన్‌కి వెళ్లినప్పుడు, అల్లుడు బ్రాడ్‌హెడ్ అనే చిన్న ఊరికి తీసుకెళ్తే, అందరూ ఇంజన్లు చూస్తుంటే నేను నడుం వంచి రెక్కల మొదళ్లు చూశాను. ఏటా జూలైలో అక్కడి గడ్డి మైదానంలో పీటెన్‌పోల్ విమానాలు దిగుతాయి. కంపెనీలో తయారైనవి కావు. ఎవరింట్లో వాళ్లు, కారు షెడ్డులో, చెక్కా గుడ్డా పెట్టి కట్టుకున్నవి.

ఇంట్లో విమానం కట్టుకోవడం కొత్త పిచ్చేం కాదు. సాంటోస్ డ్యూమాంట్ తన డెమాయిజెల్ విమానం నక్షల్ని ఎవరైనా వాడుకోమని వదిలేస్తే, 1910లో పాప్యులర్ మెకానిక్స్ పత్రిక అచ్చేసింది. వెదురు బొంగులతో చేసిన ఒళ్లు దానిది. బెర్నార్డ్ పీటెన్‌పోల్‌ది మిన్నెసోటాలోని చెర్రీ గ్రోవ్. 1929లో ఫోర్డు మోడల్ ఏ కారు ఇంజన్ బిగించి ఎగిరాడు. 1932లో ఆయన నక్షలూ అచ్చయ్యాయి. వాటిని పట్టుకుని రైతుబిడ్డలు ఉక్కు రేకు కొని, రంపంతో కోసి, వైసులో వంచి, బెజ్జాలు వేసి రెక్కకి పట్టీలు చేసుకున్నారు. పట్టీ చేసుకోవచ్చు. బోల్టు ఎలా చేసుకుంటారు? పక్క ఊరి కొట్లో దొరికిందే గతి. అది ఏ ఉక్కో, ఎంత బరువు ఆపుతుందో దాన్ని చూసి చెప్పగలిగేవాడు లేడు. ప్రభుత్వాలకీ అదే బెంగ కాబోలు, చాలా రాష్ట్రాలు ఈ ఇంటి విమానాల్ని ఎగరనివ్వలేదు. ఓరెగాన్ మాత్రం ఒప్పుకుంది.

ఆ బెంగ తీర్చింది రెండో ప్రపంచ యుద్ధమే. చెప్పడానికి బాగోదు గాని నిజం. అమెరికా సైన్యం, నావికాదళం కలిసి బోల్టులకి ఒకే లెక్క పెట్టుకున్నాయి. ఆర్మీ-నేవీ, పొట్టిగా ఏఎన్. యుద్ధం ముగిశాక మిగులు సరుకు దుకాణాల్లోకి వచ్చిపడింది. 1947లో జార్జ్ బొగార్డస్ 'లిటిల్ జీ బీ' అనే చిన్న విమానంలో ఓరెగాన్ నుంచి రాజధాని వాషింగ్టన్ డీసీ దాకా ఎగురుకుంటూ పోయి, మాలాంటి వాళ్లకీ అనుమతి ఇమ్మని అధికారుల్ని అడిగాడు. 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీలో ఇంటి విమానాలవాళ్ల కోసం ఈఏఏ సంఘం పెట్టాడు. మిగతాది వాళ్ల సంఘం చరిత్ర. నాది బోల్టు సంగతి.

ఏఎన్4-7 అనే బోల్టు తీసుకోండి. 4 అంటే అంగుళంలో పదహారో వంతులు నాలుగు, అంటే పావు అంగుళం లావు. 7 అంటే పొడవు, దాదాపుగా ఏడు ఎనిమిదో వంతులు. దాని తర్వాతది 8 కాదు, 10! ఒక అంగుళం, సున్నా ఎనిమిదో వంతులు అని చదువుకోవాలి. చివర ఏ అనే అక్షరం ఉంటే కాడకి పిన్ను బెజ్జం లేనట్టు. తలమీద ఇంటూ గుర్తో, నక్షత్రం గుర్తో ఉంటుంది, అదే దాని జాతి. ఈ చిటికెన వేలంత బోల్టు అడ్డంగా తెగాలంటే 3,680 పౌండ్ల బరువు పడాలి. మా లెక్కలో 75 కిలోల ధాన్యం బస్తాలు 22.

కొట్లో దొరికే గ్రేడ్ 8 బోల్టు ఇంకా గట్టిది కదా అని కుర్రాళ్లు అడుగుతారు. గట్టిదే. లాగి తెంపాలంటే చదరపు అంగుళానికి దానికి 1,50,000 పౌండ్లు కావాలి, ఏఎన్‌కి 1,25,000 చాలు. కానీ చూడాల్సింది తల కాదు, కాడ. ఏఎన్ కాడలో మర లేని నున్నటి భాగం సరిగ్గా పట్టీల మందమంతే ఉండేలా ఎంచుకుంటారు. కొట్టు బోల్టుకి మర లోపలిదాకా వచ్చేస్తుంది. ఆ మర అంచులు బెజ్జంలో పడ్డాయంటే రంపంలా ఒరుస్తాయి, బెజ్జం సాగుతుంది, రెక్క కదలడం మొదలెడుతుంది.

ఇంకొకటి, దిక్కు. తల పైకి, లేదా ముందుకి. నట్టు రాలిపోయినా బోల్టు తన బరువుకి తానే అందులో కూర్చునుంటుంది. బోల్టు తిరిగే చోట క్యాజిల్ నట్టు, దాని గాళ్లలోంచి స్ప్లిట్ పిన్ను. అమెరికావాళ్లు కాటర్ పిన్ అంటారు. 1962లో ఈఏఏ పోటీ గెలిచిన పీట్ బవర్స్ ఫ్లై బేబీ విమానానికి రెక్కలు మడిచి కారు వెనక కట్టుకుపోవచ్చు. సదుపాయమే. కానీ మడిచిన ప్రతిసారీ ఎవడో ఒకడు పిన్నులు తీసి మళ్లీ పెట్టాలి కదా. నా గుండె అక్కడ కాస్త ఆగుతుంది.

బ్రాడ్‌హెడ్‌లో నేను వంగి చూస్తుంటే ఆ విమానం పెద్దాయన వచ్చాడు. నాకంటే పెద్దవాడే. ఏం వెతుకుతున్నారని అడగలేదు, జేబులోంచి టార్చి తీసి ఇచ్చాడు. తోక దగ్గర ఒక బోల్టు తలమీద ఏ గుర్తూ లేదు. వేలు పెట్టి చూపించాను. "అది ట్రాక్టరు షాపుది. గ్రీజు డబ్బా తగిలించుకోడానికి పెట్టా, విప్పేసి ఎగురుతా" అన్నాడు, దొరికిపోయిన పిల్లాడిలా.

రెక్క కర్ర కిందికి వెళ్లి, పట్టీ వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమాను. పిన్ను ఉంది. కాళ్లు రెండూ కొత్తగా వంచినవే.