కుండీలో నిమ్మ పెంపకం

కుండీలో నిమ్మ పెంపకం అనగా తోటకు స్థలము లేనివారు మేడమీదనో, వాకిటనో నిమ్మచెట్టును కుండీలో పెంచి కాపుకు తెచ్చే పద్ధతి. నిమ్మ (శాస్త్రీయ నామం: సిట్రస్ ఆరాంటిఫోలియా) రూటేసి కుటుంబానికి చెందిన చెట్టు. నెల్లూరు ప్రాంతంలో పొదలకూరు, గూడూరు నిమ్మ మార్కెట్లకు ప్రసిద్ధి. అయితే తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో చాలాచోట్ల భూగర్భజలం ఉప్పన. నిమ్మజాతి చెట్లు ఉప్పును తట్టుకోలేవు. కనుక అక్కడ కుండీలోని నిమ్మ బ్రతకడం మట్టికంటే నీటిపైననే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఈ తీరంలో చలికాలపు రాత్రులు కూడా సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వద్దనే ఉంటాయి. అందువలన కివి వంటి చలి కోరే మొక్కలు పెరిగినా కాయవు. నిమ్మకు ఆ ఇబ్బంది లేదు.

ఉప్పునీటి సమస్య

నేలలో పాతిన చెట్టు వేళ్ళ వద్ద చేరిన ఉప్పును వాననీరు లోతుకు కడిగివేస్తుంది. కుండీలో అట్లు కాదు. పోసిన నీరు ఆవిరైపోగా ఉప్పు మట్టిలోనే మిగిలి, దినదినమూ చిక్కబడుతుంది. మొదట ముదురు ఆకుల కొనలు మాడుతాయి, తరువాత ఆకు రాలుతుంది. దీనిని నీటి ఎద్దడిగా పొరబడి అదే బోరునీటిని మరికొంచెం మరికొంచెంగా పోయడం వలన చెట్టు త్వరగా చనిపోతుంది. కుండీ అంచున తెల్లని పొర ఏర్పడటం ముందుగా కనిపించే గుర్తు.

నీటిని తరచుగా కొద్దికొద్దిగా కాక, పైమట్టి ఆరిన తరువాత, అడుగు రంధ్రం నుండి కొంత బయటకు పోయేవరకు పోయాలి. అడుగున పళ్ళెం ఉంచరాదు. నీటి శుద్ధి యంత్రం వదిలే వ్యర్థజలాన్ని పారబోయడం ఇష్టంలేక మొక్కలకు పోసేవారు ఉన్నారు. అందులో ఉప్పు మరింత ఎక్కువ, నిమ్మకు అది పనికిరాదు. ఈ తీరంలో వానలో అధిక భాగం అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురుస్తుంది. ఆ వానలో కుండీని ఆరుబయట ఉంచితే ఏడాది ఉప్పు చాలావరకు కడుక్కుపోతుంది. వాననీటిని పట్టి ఉంచుకుంటే వేసవికి మేలు.

మొక్క, మట్టి

గింజ మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది, అంటు మొక్క త్వరగా కాస్తుంది. రంగపూర్ నిమ్మ వేరుమూలంపై కట్టిన అంటు ఉప్పును కొంత మెరుగుగా తట్టుకుంటుంది. బాలాజీ రకానికి గజ్జి తెగులును తట్టుకొనే గుణం కొంత ఉంది. వెంకటగిరి సమీపంలోని పెట్లూరులో నిమ్మజాతి పంటల పరిశోధనా స్థానం కలదు.

కుండీ సుమారు 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉండాలి. ఎర్రమట్టి, ఏటి ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. సముద్రపు ఇసుక కలపరాదు. నీరు నిలిస్తే బంక తెగులు వస్తుంది.

వేసవి కాపు

నిమ్మకాయకు వేసవిలో ధర ఎక్కువ. పూత నుండి కోతకు 5 నుండి 6 నెలలు పడుతుంది కనుక, వేసవి కాయకు అక్టోబరు, నవంబరులలో పూత రావాలి. అందుకు ముందుగా చెట్టుకు నీరు ఆపి వాడబెట్టాలి. తోటలో వాన పడితే ఇది సాగదు. కుండీనైతే చూరు క్రిందికి జరపవచ్చు. కుండీలో మట్టి తక్కువ కాబట్టి ఆకులు కొద్దిగా వడలగానే తిరిగి నీరు పోయాలి.

తెగుళ్ళు

గజ్జి తెగులు గాలివానతోను, ఆకు తొలుచు పురుగు చేసిన గాయాల ద్వారాను వ్యాపిస్తుంది. పక్షి రెట్టవలె కనిపించే సీతాకోకచిలుక గొంగళి పురుగులు లేత ఆకులను తింటాయి. వీటిని చేతితో ఏరివేయవచ్చు. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు మేడమీది కుండీలను క్రిందికి దించాలి.