పట్టనప్పుడు ఏం చేయాలి?

సీ భాషలో పూర్ణాంకానికి ఒక టైపు ఉంది, దశాంశానికి ఉంది, ఒంటరి అక్షరానికీ ఉంది. స్ట్రింగ్‌కు లేదు. మనం స్ట్రింగ్ అనేది మెమరీలో వరసగా ఉన్న కొన్ని బైట్లు, వాటి చివర ఒక సున్నా బైటు. సున్నా తగిలేదాకా చదువుకుంటూ పోవడమే పద్ధతి. ఆ స్ట్రింగ్ పొడవెంతో ఎక్కడా రాసి ఉండదు. దాన్ని కాపీ చేయబోయే బఫర్‌లో ఎంత చోటుందో కూడా రాసి ఉండదు. అందుకే సీలో కాపీ ఫంక్షన్ రాయబోయిన ప్రతివాళ్లకూ ఒకటే ప్రశ్న ఎదురైంది: తెచ్చిన స్ట్రింగ్ ఉన్న చోట్లో పట్టకపోతే ఏం చేయాలి, ఆ సంగతి ఎవరికి చెప్పాలి? స్టర్‌కాపీ మొదలు స్టర్‌ఎస్‌కాపీ దాకా వచ్చిన ఫంక్షన్లన్నీ ఆ ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో దొరికిన జవాబులే.

సీ పూర్వీకుల్లో పొడవు రాసిపెట్టుకునే అలవాటు ఉండేది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ రిచర్డ్స్ 1960లలో రూపొందించిన బీసీపీఎల్‌లో స్ట్రింగ్ మొదట్లోనే దాని పొడవు ఉంటుంది. న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ దాన్నుంచి బీ భాషను తయారుచేసినప్పుడు ఆ లెక్క తీసేసి, చివర ఒక ప్రత్యేక అక్షరం పెట్టారు. డెనిస్ రిచీ సీకి వచ్చేసరికి ఆ గుర్తు సున్నా అయింది. ఎందుకలా చేశారో 1993లో రాసిన సీ చరిత్రలో రిచీయే చెప్పారు. పొడవును ఎనిమిది, తొమ్మిది బిట్లలో దాస్తే స్ట్రింగ్ ఎంత పెరగొచ్చో దానికో హద్దు పడుతుంది; పైగా లెక్కను వెంట మోయడం కన్నా చివర గుర్తు పెట్టుకోవడమే వాళ్లకు వాడుకలో వీలుగా తోచింది. ఆ నిర్ణయాన్ని ఇప్పుడు తిట్టిపోసేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు మాత్రం అది ఆనాటి పరిస్థితికి తగిన నిర్ణయమనే అనిపిస్తుంది. మెమరీని కిలోబైట్లలో లెక్కపెట్టుకునే యంత్రాలు ఆనాటివి. ప్రోగ్రాం రాసేవాళ్లూ, దానికి ఇన్‌పుట్ ఇచ్చేవాళ్లూ దాదాపు ఒకే గుంపు.

ఆ వాతావరణంలో పుట్టిందే స్టర్‌కాపీ. ఒక్క లైన్లో పట్టే లూప్: ఇక్కడి బైటు తీసి అక్కడ పెట్టు, పెట్టింది సున్నా అయితే ఆగు. చోటెంతో అడగదు కాబట్టి పట్టకపోవడమనే మాటే దానికి తెలియదు. పది బైట్ల బఫర్‌లోకి వంద బైట్లు వస్తే మిగతావి పక్కనున్న మెమరీ మీద పడతాయి. ఆ పక్కన, ఫంక్షన్ ముగిశాక ప్రోగ్రాం ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే చిరునామా ఉండొచ్చు. ఇన్‌పుట్ పంపినవాడు ఆ చిరునామాను తనకు నచ్చినట్టు మార్చగలిగితే ఇక ప్రోగ్రాం వాడిదే.

1979లో వచ్చిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో ఎడిషన్‌లో స్టర్‌కాపీ పక్కనే స్టర్‌ఎన్‌కాపీ కూడా ఉంది. దానికి సైజు చెప్పాలి. సైజు అడుగుతుంది కదా అని దాన్ని సురక్షితమైన స్టర్‌కాపీగా తరాల తరబడి వాడుతూ వచ్చారు, అలాగే నేర్పారు కూడా. కానీ అది పుట్టింది వేరే పనికి. అప్పటి యూనిక్స్ డైరెక్టరీలో ఒక్కో ఎంట్రీకి 16 బైట్లు: రెండు బైట్లలో ఐనోడ్ నంబరు, 14 బైట్లలో ఫైలు పేరు. పేరు చిన్నదైతే మిగతా బైట్లన్నీ సున్నాలతో నిండాలి. సరిగ్గా 14 అక్షరాలుంటే చివర సున్నాకు చోటే లేదు, అక్కర్లేదు కూడా. స్టర్‌ఎన్‌కాపీ చేసేది అక్షరాలా అదే. దాన్ని మామూలు స్ట్రింగులకు వాడితే రెండు చిక్కులొస్తాయి. 1024 బైట్ల బఫర్‌లోకి ఐదక్షరాల మాట కాపీ చేస్తే తక్కిన 1019 బైట్లనూ సున్నాలతో నింపుతూ కూర్చుంటుంది. అది కాలం వృథా, అంతవరకే. రెండోదే ప్రమాదం. మాట పట్టకపోతే పట్టినంత నింపి, చివర సున్నా పెట్టకుండానే వెనక్కి వచ్చేస్తుంది. తర్వాత ఆ బఫర్‌ను చదివే ఫంక్షన్ సున్నా కోసం వెతుక్కుంటూ హద్దు దాటి పోతుంది.

ఈ లోపాల ఖరీదు 1988 నవంబరు 2న లోకానికి తెలిసింది. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ వదిలిన వార్మ్ ఆ రాత్రి ఇంటర్నెట్‌లో వేల యంత్రాలను స్తంభింపజేసింది. అది చొరబడిన దారుల్లో ఒకటి, యూజర్ల వివరాలు చెప్పే ఫింగర్ సర్వర్. అందులో 512 బైట్ల బఫర్ ఉంది, దాన్ని నింపే ఫంక్షన్ పేరు గెట్స్. గెట్స్‌కు సైజు చెప్పే వీలే లేదు. వార్మ్ దానికి 536 బైట్లు పంపింది. అదనంగా పడిన ఆ 24 బైట్లే తిరుగు చిరునామా దాకా వెళ్లాయి. ఈ విద్యార్థి తండ్రి రాబర్ట్ మోరిస్ సీ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లోనే ఏళ్ల తరబడి పనిచేసి, యూనిక్స్ పాస్‌వర్డులకు రక్షణ కల్పించిన మనిషి. ఆ దాడి తర్వాతే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి దాడులను ఎదుర్కొనే సెర్ట్ కేంద్రం ఏర్పడింది. గెట్స్ మాత్రం ఇంకో ఇరవై మూడేళ్లు బతికింది. 2011 నాటి సీ ప్రమాణంలో గానీ దాన్ని తొలగించలేదు. మన ఇంజినీరింగ్ కాలేజీల సీ ల్యాబ్ రికార్డుల్లో ఆ తర్వాత కూడా కనిపిస్తూనే ఉంది. మొదటి ఏడాది పిల్లలకు ఈ ఒక్క ఫంక్షన్ నేర్పడం మానేసినా ఎంతో మేలు.

1996లో హ్యాకర్ల పత్రిక ఫ్రాక్ 49వ సంచికలో, తిరుగు చిరునామా ఉండే స్టాక్‌ను బద్దలుకొట్టే విధానాన్ని మెట్టుమెట్టుగా వివరిస్తూ ఒక వ్యాసం వచ్చింది. కొద్దిమందికి తెలిసిన విద్య అప్పటినుంచి అందరిదీ అయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కెనడాలోని కాల్గరీలో థియో డి రాట్ మొదలుపెట్టిన ఓపెన్‌బీఎస్‌డీ బృందం తమ ఆపరేటింగ్ సిస్టమ్ కోడంతా లైను లైనునా తిరగేస్తోంది. వాళ్లకు కనిపించిన తప్పుల్లో స్టర్‌కాపీ వాడినవి ఎలాగూ ఉన్నాయి. ఆలోచనలో పడేసింది వేరే రకం: స్టర్‌ఎన్‌కాపీ, స్టర్‌ఎన్‌క్యాట్ జాగ్రత్తగా వాడబోయి తప్పిన చోట్లు. ఒక స్ట్రింగ్ చివర ఇంకోటి అతికించే స్టర్‌ఎన్‌క్యాట్‌కు బఫర్ మొత్తం సైజు కాదు, ఇంకా మిగిలిన చోటు ఇవ్వాలి, అందులోనూ సున్నాకు ఒకటి తగ్గించి ఇవ్వాలి. భద్రత కోసం తపనపడే ప్రోగ్రామర్లే ఆ లెక్క తప్పుతున్నారంటే దోషం వాళ్లది కాదని, ఫంక్షన్‌దని టాడ్ మిల్లర్, డి రాట్ నిర్ణయానికి వచ్చారు. 1998లో ఓపెన్‌బీఎస్‌డీ 2.4తో స్టర్‌ఎల్‌కాపీ, స్టర్‌ఎల్‌క్యాట్ వచ్చాయి. మరుసటేడు కాలిఫోర్నియాలోని మాంటెరేలో జరిగిన యూజ్‌నిక్స్ సదస్సులో వాటిపై పత్రం సమర్పించారు.

స్టర్‌ఎల్‌కాపీలో నాకు బాగా నచ్చేది దాని జవాబు. బఫర్ మొత్తం సైజే ఇవ్వండి, తీసివేతలు నేను చూసుకుంటానంటుంది. సైజు సున్నా కానంతవరకు చివర సున్నా తప్పకుండా పెడుతుంది. పట్టకపోతే కోసేస్తుంది, కానీ కోసి ఊరుకోదు. అసలు స్ట్రింగ్ పొడవెంతో ఆ అంకెను తిరిగి ఇస్తుంది. ఆ అంకె బఫర్ సైజుకు సమానంగా ఉన్నా, మించినా, తెగిందని అర్థం. ఎంత చోటు ఉంటే సరిపోయేదో కూడా అందులోనే తెలుస్తుంది. ఒక పోలిక, ఒక నిర్ణయం. ఇరవై ముప్ఫై లైన్లు దాటని కోడ్‌లో ఇంత మర్యాద అరుదు.

ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ, సొలారిస్, మ్యాక్ దాన్ని తీసుకున్నాయి. లైనక్స్ మీద నడిచే ప్రోగ్రాములకు ఆధారమైన జీలిబ్‌సీ మాత్రం తీసుకోలేదు. 2000 ఆగస్టులో ప్రతిపాదన వచ్చినప్పుడు దాని నిర్వాహకుడు ఉల్రిచ్ డ్రెప్పర్ కరాఖండిగా తోసిపుచ్చారు. తన స్ట్రింగుల పొడవు తెలిసిన ప్రోగ్రామర్ చెప్పినన్ని బైట్లు కాపీ చేసే మెమ్‌కాపీ వాడుకోవచ్చు, తెలియనివాడికి ఈ ఫంక్షన్ ఇస్తే తెగిన స్ట్రింగుతో ముందుకు పోతాడన్నది ఆయన వాదం. ఇందులో నిజం లేకపోలేదు. 'బ్యాకప్‌పాతది' అనే ఫైలు చెరిపేయబోతే పేరు తెగి 'బ్యాకప్' అయిందనుకోండి, మెమరీకి ఏ హానీ జరగదు గానీ పోయేది వేరే ఫైలు. అయినా డ్రెప్పర్ తూకం తప్పిందనే నేననుకుంటాను. తెగిన పేరు ఒక తప్పు. పక్క మెమరీ మీద పడే పేరు యంత్రాన్నే పరాయివాడి చేతిలో పెట్టే తప్పు. ఆ నిరాకరణ వల్ల స్టర్‌ఎల్‌కాపీ వాడకం ఆగలేదు కూడా. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, ఆర్‌సింక్ లాంటి ప్రాజెక్టులు తలా ఒక కాపీ తమ కోడ్‌లోనే పెట్టుకుని తిరిగాయి. చివరికి 2023లో జీలిబ్‌సీ 2.38 దాన్ని చేర్చుకుంది.

మైక్రోసాఫ్ట్ ఈలోగా వేరే దారి పట్టింది. 2002 జనవరిలో బిల్ గేట్స్ భద్రతే ముఖ్యమని సంస్థ మొత్తానికి లేఖ రాశాక వచ్చిన మార్పుల్లో స్టర్‌కాపీ అండర్‌స్కోర్ ఎస్ ఒకటి. పట్టకపోతే అది గమ్యాన్ని ఖాళీ స్ట్రింగ్ చేసి, ప్రోగ్రాంనే ఆపేస్తుంది. విజువల్ స్టూడియో 2005 పాత ఫంక్షన్ కనబడితే చాలు హెచ్చరికలు కురిపించేది. ఈ కుటుంబం సీ 2011 ప్రమాణంలో ఐచ్ఛిక అనుబంధంగా చేరింది గానీ బయట దాన్ని అమలు చేసినవాళ్లు కొద్దిమందే. 2015లో ఆ అనుబంధాన్ని తీసేయమంటూ ప్రమాణాల కమిటీ ముందుకే ఒక పత్రం వెళ్లింది.

లైనక్స్ కెర్నెల్ సంగతి వేరు. 2003లోనే అది స్టర్‌ఎల్‌కాపీని తెచ్చుకుంది. వాడగా వాడగా ఒక లోపం బయటపడింది. అసలు పొడవు చెప్పాలంటే ఆ స్ట్రింగ్‌ను చివరిదాకా చదవాలి. పది బైట్లు చాలన్నా అవతల పది లక్షలుంటే అన్నీ చూడాల్సిందే. చివర సున్నా లేని చెడ్డ డేటా వస్తే ఎక్కడిదాకా పోతుందో హామీ లేదు. కెర్నెల్‌కు బయటినుంచి వచ్చే డేటాను నమ్మే వీల్లేదు. 2015లో క్రిస్ మెట్‌కాఫ్ స్టర్‌ఎస్‌కాపీ తెచ్చారు. అది ఇచ్చిన సైజు దాటి మూలాన్ని చదవదు. పట్టకపోతే కోసి, సున్నా పెట్టి, రుణసంఖ్యలో ఎర్రర్ కోడ్ తిరిగి ఇస్తుంది. వేల చోట్ల ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చి, 2024లో వెలువడిన 6.8 కెర్నెల్ నుంచి స్టర్‌ఎల్‌కాపీని పూర్తిగా తీసేశారు. అదే ఏడాది యూనిక్స్ తరహా సిస్టమ్‌ల పోసిక్స్ ప్రమాణం స్టర్‌ఎల్‌కాపీకి చోటిచ్చింది. మామూలు ప్రోగ్రాముకు కావాల్సిందీ కెర్నెల్‌కు కావాల్సిందీ ఒకటి కాదు గనక రెండూ సరైన నిర్ణయాలే.

కోయడమే ఎందుకు, చోటే పెంచుకోవచ్చు కదా అన్నవాళ్లూ ఉన్నారు. డేనియల్ బెర్న్‌స్టైన్ తన మెయిల్ సర్వర్ క్యూమెయిల్‌లో పాయింటర్, పొడవు, కేటాయించిన చోటు మూడింటినీ ఒక స్ట్రక్చర్‌లో కలిపి ఉంచారు. సిసిలీకి చెందిన సాల్వటోర్ సాన్‌ఫిలిప్పో రెడిస్ డేటాబేస్ కోసం రాసిన ఎస్‌డీఎస్ ఇంకా చమత్కారమైనది. పొడవును పాయింటర్‌కు ముందున్న బైట్లలో దాచి, చివర సున్నా కూడా పెడుతుంది కాబట్టి అదే పాయింటర్‌ను ఏ సీ ఫంక్షన్‌కైనా ఇవ్వొచ్చు. బీసీపీఎల్ పద్ధతి అలా మళ్లీ వచ్చి సున్నాతో కలిసింది. గిట్ బృందం తమ సొంత స్ట్రింగ్ బఫర్ వాడుతూ, 2018 నుంచి స్టర్‌కాపీ, స్టర్‌ఎన్‌కాపీ రాస్తే కంపైలే కాకుండా నిషేధించింది.

తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8ను 1992లో రూపొందించిన ఇద్దరిలో ఒకరు కెన్ థాంప్సనే, రెండోవారు రాబ్ పైక్. బహుళ బైట్ల అక్షరం మధ్యలో సున్నా బైటు రాకుండా చూడటం వల్లే తెలుగు స్ట్రింగులు పాత సీ ఫంక్షన్లలో కూడా సాఫీగా నడుస్తున్నాయి. కాని మనకు ఒక్కో కోడ్ పాయింటుకు, అంటే యూనికోడ్‌లోని ఒక్కో గుర్తుకు, మూడు బైట్లు. 'రాజమహేంద్రవరం'లో 13 కోడ్ పాయింట్లు, అంటే 39 బైట్లు. 32 బైట్ల బఫర్‌లోకి స్టర్‌ఎల్‌కాపీ చేస్తే 31 బైట్లు వస్తాయి: 'రాజమహేంద్ర' దాకా 30, ఆపైన 'వ'లోని మొదటి బైటు ఒక్కటే. ఫంక్షన్ 39 అని సరిగ్గానే చెబుతుంది, తెరమీద మాత్రం చివర ప్రశ్నార్థకపు డబ్బా పడుతుంది. దీనికి మందు ఉంది. తెగిన చోటు తర్వాత రావాల్సిన మూల బైటును చూడాలి. దాని మొదటి రెండు బిట్లు ఒకటి, సున్నా అయితే అది అక్షరం మధ్య బైటు, అలా కానిది తగిలేదాకా ఒక్కో బైటే వెనక్కి జరిగి అక్కడ సున్నా పెట్టాలి. బఫర్ 28 బైట్లదైతే ఆ మందు కూడా చాలదు. 27 బైట్లు సరిగ్గా తొమ్మిది కోడ్ పాయింట్లు, బైటు లెక్క ప్రకారం ఏదీ విరగలేదు, మిగిలింది మాత్రం 'రాజమహేంద్'. ఒత్తు విడదీయకుండా అక్షరం హద్దు దగ్గర కోసే ఫంక్షన్ సీ ప్రామాణిక లైబ్రరీలో లేదు, పోసిక్స్‌లోనూ లేదు. ప్రస్తుతానికి ఐసీయూ లాంటి యూనికోడ్ లైబ్రరీని కలుపుకుని, కోత ఎక్కడ పడాలో ముందు దాన్నడిగి, ఆ తర్వాతే కాపీ చేయాలి.