నిరూపక తలం ఏర్పడిన విధం

ఉపాధ్యాయుడు నల్లబల్లపై రెండు గీతలను పరస్పరం లంబంగా గీస్తాడు. అడ్డగీత ఎక్స్-అక్షం, నిలువుగీత వై-అక్షం, అవి ఖండించుకొనే చోటు మూలబిందువు. ఇక (3, -2) అనే సంఖ్యల జత ఆ తలంలో ఒకే ఒక బిందువును తెలుపుతుంది. ఒక పీరియడులో ముగిసే ఈ పాఠం రూపొందడానికి ఎన్నో శతాబ్దాలు పట్టింది.

క్రీ. పూ. 200 ప్రాంతంలో గ్రీకు గణితజ్ఞుడు అపోలోనియస్ శాంకవాల లక్షణాలను వివరిస్తూ, వక్రం యొక్క వ్యాసాన్నీ ఒక స్పర్శరేఖనూ ఆధారంగా తీసికొన్నాడు. కాని ఆయన పద్ధతిలో వక్రం ముందు, ఆధారరేఖలు తరువాత. 14వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశీయుడైన నికోల్ ఒరెమ్ కాలాన్ని అడ్డగీత మీద గుర్తించి, ఆయా క్షణాలలోని వేగాన్ని నిలువుగీతలుగా చూపాడు. నిశ్చలస్థితి నుండి సమంగా వేగం పెంచుకొనే వస్తువు చలనం ఆయన పటంలో త్రిభుజమైంది. ఇది నేటి గ్రాఫును పోలినదే. అయితే దానికి తోడుగా సమీకరణం లేదు. తెలిసిన రాశులకూ తెలియని రాశులకూ అక్షరాలను వాడే పద్ధతిని ఫ్రాంస్వా వియెట్ 1591లో ప్రకటించిన పిమ్మటనే బీజగణితం ఈ పనికి సిద్ధమైంది.

రేఖాగణితాన్నీ బీజగణితాన్నీ జతపరచినవారు ఇద్దరు. టూలూజ్ నగర న్యాయసభలో సభ్యుడైన పియేర్ ద ఫెర్మా, రెండు అజ్ఞాత రాశులున్న సమీకరణం ఒక రేఖనో వక్రాన్నో నిర్ణయిస్తుందని 1636 ప్రాంతంలో వ్రాశాడు. ఆ రచన 1679 వరకు, అనగా ఆయన మరణించిన 14 సంవత్సరాల వరకు, అచ్చు కాలేదు. రెనే డెకార్ట్ వ్రాసిన 'జ్యామితి' 1637లోనే లైడెన్ నగరంలో వెలువడింది. అందువలన కార్టీజియన్ తలమనే పేరు డెకార్ట్ మీదుగా నిలిచింది.

పైకప్పు మీద ప్రాకే ఈగను చూచి డెకార్ట్‌కు ఈ ఆలోచన తట్టిందనే కథ ఆయన రచనలలో ఎక్కడా కనబడదు. అంతేకాదు, నేటి పాఠ్యపుస్తకంలోని రెండు లంబాక్షాలు కూడా ఆయన గ్రంథంలో లేవు. ఒక ఆధారరేఖ మీద కొంత దూరం, అక్కడి నుండి నిర్ణీతమైన కోణంలో మరికొంత దూరం - ఇంతే ఆయన ఏర్పాటు. ఆ కోణం లంబకోణం కానక్కరలేదు. సమీకరణాల ఋణ మూలాలను ఆయన 'అసత్య' మూలాలన్నాడు. 'నిరూపకాలు' అనే అర్థమిచ్చే లాటిన్ పదాన్ని లైబ్నిట్జ్ 1692లో వాడాడు. 1704లో వెలువడిన న్యూటన్ గ్రంథంలో ఘన వక్రాలు రెండు అక్షాలతో, ఋణవిలువలతో సహా, నాలుగు పాదాలలోనూ కనిపించాయి.

(3, -2), (-2, 3) ఒకటేనని పొరబడే విద్యార్థినీ, మూలబిందువుకు ఎడమవైపు అడుగు వేయడానికి సందేహించే విద్యార్థినీ తెలివితక్కువవారనుకోరాదు. ఋణసంఖ్యలను ఈ తలంలోకి పూర్తిగా అనుమతించడానికి ఉద్దండులకే తరాలు పట్టింది.

ఈ చరిత్రను చెప్పి, అక్షాలను 60 డిగ్రీల కోణంలో గీయించి చూడవచ్చు. అప్పుడు కూడా ప్రతి సంఖ్యల జతకూ ఒకే బిందువు వస్తుంది. వై విలువ ఎక్స్‌కు రెట్టింపైన బిందువులన్నీ ఒకే సరళరేఖపై నిలుస్తాయి. కాని మూలబిందువు నుండి (3, 4)కు దూరం 5 కాదు. లంబాక్షాలుంటేనే పైథాగరస్ సిద్ధాంతం నేరుగా దూరాన్ని ఇస్తుంది. అక్షాలను లంబంగా ఎందుకు గీస్తామో ఈ చిన్న ప్రయోగం వలన విద్యార్థులకు స్వయంగా బోధపడుతుంది.